ఏడో నంబరు కాగితం

గురువారం పొద్దున లైబ్రరీ నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ పోయిందట. కుర్చీలో కూర్చుని, ఒళ్ళో సగం ఒలిచిన నారింజపండు పెట్టుకుని, అలాగే వెళ్ళిపోయిందట. శనివారం పదకొండింటికి వాళ్ళ చర్చిలో సర్వీసు, తెలిసినవాళ్ళు వచ్చి రెండేసి నిమిషాలు మాట్లాడొచ్చు అని చెప్పి కౌంటర్లో పనిచేసే అమ్మాయి ఫోన్ పెట్టేసింది. నాకు ఏడుపు రాలేదు. ముందుగా నాకొచ్చిన ఆలోచన చెబితే ఇదేం మనిషి అనుకుంటారు. ఆ కాగితం ఇప్పుడు ఎవరి చేతిలో పడిందో అనుకున్నాను.

కాగితం సంగతి తర్వాత. ముందు ఆవిడ.

మేముండేది అరోరా అనే పట్నం దాటి పది నిమిషాలు డ్రైవ్ చేస్తే వచ్చే చిన్న ఊళ్ళో. అయిదేళ్ళ కిందట, మా ప్రియ ఒకటో క్లాసులో చేరాక, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక అక్కడి లైబ్రరీలో పార్ట్‌టైమ్ పనికి చేరాను. నన్ను బేస్‌మెంట్‌లోకి పంపారు. రికార్డులు, క్యాసెట్లు, వీడియో టేపులు ఉండే సెక్షన్ అది. దానికి ఆవిడ హెడ్డు. అరవైకి దగ్గర పడుతున్న నల్లావిడ, మంచి పొడగరి. బేస్‌మెంట్‌లో ఒక పైపు అడ్డంగా పోయేది. రోజుకి ఇరవైసార్లు దాని కింద తల వంచి వెళ్ళేది, ఒక్కసారి కూడా తగిలించుకోలేదు. నేను అయిదడుగులు కూడా లేను, నాకే ఎందుకో దాని కింద తల వంచడం అలవాటైంది. ఎండాకాలంలోనూ ఆకుపచ్చ స్వెట్టరే. జుట్టులో ఎప్పుడూ ఒక పెన్సిలు. అది అక్కడుందని మర్చిపోయి ఇంకోటి వెతుక్కునేది, వాడుకున్నాక దాన్నీ అక్కడే గుచ్చేది. ఒకరోజు మూడు లెక్కపెట్టాను.

మధ్యాహ్నం పూట నారింజపండు ఒలిచేది. తొక్క తెగకుండా ఒకే దండలా వచ్చేదాకా ఊపిరి బిగబట్టేది. వస్తే దాన్ని హీటరు మీద ఆరేసేది. తెగితే మాత్రం ఆ పండు నాకిచ్చేసి ఇంకోటి మొదలుపెట్టేది. అలా ఎన్ని పండ్లు తిన్నానో!

ఎదుటివాళ్ళు ఏదైనా ముఖ్యమైనది చెబుతుంటే కళ్ళజోడు తీసేది. చూడ్డానికి పెట్టుకోవాలిగానీ వినడానికి తియ్యడమేమిటి అని అడిగాను.

"నీ మొహం కనబడుతుంటే నీ మాట సగమే వినబడుతుంది హనీ" అంది.

ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషేగానీ, నాకెందుకో అంతా తెలుగులోనే గుర్తుంది. ఆవిడ అడిగే ప్రశ్నలకి అంతుండేది కాదు. ఏదడిగినా చివర్న "ఊరికే అడుగుతున్నా" అని తగిలించేది. నేను టైమ్‌షీట్ మీద తెలుగులో సంతకం పెడతాను. ఇంగ్లీషులో పెడితే ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది నాకు. ప్రతి శుక్రవారం ఆ కాగితం మీద ఆవిడ కూడా సంతకం చెయ్యాలి. "ఈ గుండ్రాల్లో నువ్వు ఎక్కడ మొదలవుతావు, ఎక్కడ అయిపోతావు? ఊరికే అడుగుతున్నా" అంది మొదటి వారం. వేలు పెట్టి చూపించాను. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆ గుండ్రాల మీద పెన్సిలు ఒకసారి ఆడించి, అప్పుడు తన సంతకం పెట్టేది.

ఇంకోసారి, నేను మా ఆయనతో ఫోన్లో మాట్లాడి పెట్టేశాక, "మీ భాషలో ఒక మాట దగ్గరకొచ్చేసరికి నీ గొంతు తగ్గుతుంది. ఏమిటది?" అంది. ఆ మాట 'నల్లోళ్ళు'. చుట్టూ ఎవరికీ తెలుగు రాని చోట కూడా మావాళ్ళం ఆ మాట గొంతు తగ్గించే అంటాం. "ఏం లేదు మేడమ్, కూరగాయల సంగతి" అన్నాను. "ఇక్కడ మేడమ్ ఎవరూ లేరు" అంది. కూరగాయల సంగతి మాత్రం నమ్మినట్టే తల ఊపింది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన తమాషా ఒకటుంది. ఏ కుర్రాడైనా పాటల క్యాసెట్టు తీసుకెళ్ళడానికి వస్తే, లోపల ముడతలు పెట్టి ఉండే పాటల కాగితం తీసి చేతికిచ్చేది. "ఇందులో ఒక పాట నాకు చదివి వినిపించు. పాడక్కర్లేదు, చదువు చాలు. తర్వాత తీసుకెళ్ళు." వాడు తెల్లవాడా నల్లవాడా చూసేది కాదు. కళ్ళజోడు తీసి వినేది. డప్పుల మోత లేకుండా, గిటారు లేకుండా, ఎదురుగా వాళ్ళ అమ్మమ్మ వయసు మనిషి కూర్చుని ఉండగా ఆ మాటలు చదవడమంటే వాళ్ళకి ప్రాణం పోయినంత పనయ్యేది. చెవులు ఎర్రగా అయిపోయేవి. కొందరు రెండు లైన్లు చదివి క్యాసెట్టు అక్కడే పెట్టి మెట్లెక్కి పారిపోయేవాళ్ళు. చివరిదాకా చదివినవాడికి మాత్రం మారుమాట్లాడకుండా ఇచ్చేది. కొత్త క్యాసెట్టు ఏదొచ్చినా ముందు తను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం వినేది, ఆముదం తాగిన మొహంతో. వింటూ వింటూ టైపు చేసేది. కాగితానికి ఒక పాట, మూలన ఒక నంబరు. ఎందుకూ అంటే, "అచ్చులో చూస్తేగానీ ఎవరేమన్నారో నాకు తెలీదు" అనేది.

ఆవిడతో నేను చాలా చెప్పుకున్నాను. మాది గుంటూరు వైపు, క్రైస్తవులం. మా పేటలో క్రిస్మస్‌కి కుర్రాళ్ళు సరదాగా పాటలు కట్టి పాడితే మెయిన్‌రోడ్డు మీది పెద్దింటివాళ్ళు "ఈ పేటోళ్ళకి బూతులు తప్ప ఏం వచ్చు" అనేవాళ్ళు. అదే మాటలు వాళ్ళ పెళ్ళిళ్ళలో బావామరదళ్ళు అంటే సరసం. ఇంట్లో ఆడవాళ్ళంతా పమిటచెంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఇది చెప్పినప్పుడు ఆవిడ చేతిలో నారింజ తొక్క తెగింది. "అయితే నీకు తెలుసన్నమాట" అంది. అంత గర్వంగా నన్ను ఎవరూ చూడలేదు. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

స్కూలు అయ్యాక ప్రియ తిన్నగా లైబ్రరీకే వచ్చేది. మా తెలుగు అసోసియేషన్ ఫంక్షన్లో డాన్స్ చెయ్యాలని పట్టుబట్టింది, నాకూ సరదానే. ఇండియా నుంచి వచ్చిన వీడియో క్యాసెట్లో పాట చూసి స్టెప్పులు నేర్చుకుంది. మా బేస్‌మెంట్ వెనకగదిలో టేప్‌రికార్డర్ పెట్టుకుని నడుం తిప్పుతూ ప్రాక్టీసు చేసేది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఎంత ముద్దుగా ఉండేదో.

"పాట బావుంది. ఏమంటున్నాడతను? ఊరికే అడుగుతున్నా" అంది ఆవిడ.

లేబుళ్ళు అంటించుకుంటూ నా వంకర ఇంగ్లీషులో ఒక్కో లైనూ చెప్పాను. చెరుకు తోటలో దారి తప్పినదానా, నువ్వు కాదంటే నా చెవికి ఔననే వినబడుతోంది, నడుం మీద ఒక్క దెబ్బ వేస్తేగానీ తీపెంతో తెలియదు. ఇలాంటివే. మొదట నవ్వుతూనే చెప్పాను. రెండో చరణానికి వచ్చేసరికి నా నవ్వు నాకే ఎబ్బెట్టుగా తోచి, "ఇదంతా సినిమా, సరదాకి" అని ముగించాను. ఆవిడ టైపు చేస్తోంది.

"ఆ అమ్మాయి ఏమంటుంది పాటలో?"

"ఏమీ అనదు. వానలో తడుస్తుంది. నవ్వుతుంది."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. అంతే, ఇంక ఏమీ అడగలేదు. అది వేసవి సెలవులకి ముందు మాట. నేను మర్చిపోయాను.

సెలవులయ్యాక మా పక్కింటి డయాన్ ఒక కాగితం పట్టుకుని మా తలుపు కొట్టింది. డయాన్ మంచిది, ఆ మాట చెప్పకపోతే పాపం. నాకు డ్రైవింగ్ నేర్పింది తనే. ప్రియకి అమ్మవారు పోసినప్పుడు సూప్ చేసి తెచ్చింది. అయినా మూడేళ్ళలో ఆ వీధిలో ఎవరూ నన్ను ఏదీ అడగలేదు. నాకు సాయం చేశారుగానీ, నా సాయం కావాలనలేదు. ఆరోజు మొదటిసారి డయాన్, "నీ సంతకం కావాలి. నీకూ ఆడపిల్ల ఉందిగా" అంది. లైబ్రరీలో నలుగురు నల్లకుర్రాళ్ళ క్యాసెట్టు ఒకటి ఉందట, అట్టమీద సగం బట్టలతో ఒక అమ్మాయి బొమ్మట, ఆడవాళ్ళ మీద నీచమైన మాటలట, దాన్ని తీసెయ్యాలట. అవన్నీ నిజమే. ఆ టేపుకి లేబులు అంటించింది నేనే. కానీ దాని పక్కనే, డయాన్ కొడుకు ఎప్పుడూ తీసుకెళ్ళే తెల్లవాళ్ళ రాక్ టేపు మీద ఇంకో అమ్మాయి అంతకన్నా తక్కువ బట్టలతో కారు మీద పడుకుని ఉంది. అదీ అంటించింది నేనే.

"మరి ఆ రాక్ టేపులో?" అన్నాను.

"అది వేరు. అదంతా గోల, ఎవరూ పట్టించుకోరు. వీళ్ళది అలా కాదు, వీళ్ళు ఉన్నదే అలాగ" అంది డయాన్, ఎంతో మామూలుగా.

పెన్ను తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానంటే, దాచడమెందుకు, సంతోషంతో తీసుకున్నాను. వీధిలో వాళ్ళందరి పేర్ల కింద నా పేరు కూడా ఉంటుందని. ఆ పేర్లలో మేం ఎవరి పక్కన నిలబడతామో, ఎవరి పక్కన కాదో అందరికీ తెలిసిపోతుందని. మా ఆయన సాయంత్రం వచ్చి, "మంచి పని చేశావులే. లేకపోతే మనల్నీ వాళ్ళ లెక్కలో కట్టేస్తారు" అన్నాడు.

కంగారులో తెలుగులో పెట్టాను సంతకం.

వారం తర్వాత ఆ కాగితం ఆవిడ బల్ల మీదికి వచ్చింది. నాకు మతిపోయింది. పెట్టేటప్పుడు అది ఎవరి బల్ల మీదికి చేరుతుందో ఆలోచించనేలేదు, చూడండి. ఆవిడ పేర్లన్నీ పెన్సిలుతో ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చింది. చివరి పేరు దగ్గర ఆగింది. ఆ గుండ్రాల మీద ప్రతి శుక్రవారం ఆడించినట్టే పెన్సిలు ఒకసారి ఆడించింది. నేను అరల వెనక నిలబడి చూస్తున్నాను. ఆవిడ తల ఎత్తలేదు. మర్నాడు నారింజ తొక్క తెగకుండానే వచ్చింది, అయినా పండు సగం నాకు పెట్టింది.

ఫిర్యాదు వచ్చింది కాబట్టి మీటింగ్ పెట్టారు, మేడ మీద గదిలో. లైబ్రరీ బోర్డు చైర్మన్‌గా ఉన్న ముసలి రిటైర్డు పళ్ళ డాక్టరు, డయాన్, ఇంకో ముగ్గురు తల్లిదండ్రులు, సంతకం పెట్టినవాళ్ళలో నేను. ఆవిడ పది కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచింది. పది పాటలు, అన్నీ తను టైపు చేసినవే. పేరు లేదు, బొమ్మ లేదు, మూలన నంబరు మాత్రమే ఉంది.

"అన్నీ చదవండి. తీసెయ్యాల్సిందే అనిపించినవి మూడేసి ఎంచండి. అవి ఎవరివై ఉంటాయో కూడా చెప్పండి. వెనక పేరు రాసి ఉంది, తర్వాత తిప్పి చూద్దాం" అంది.

కాగితాలు ఒకరికొకరు మార్చుకుంటూ చదివాం. ముసలాయన నాలుగో నంబరు ఎంచాడు. "ఇది ఆ కుర్రాళ్ళదే, సందేహం లేదు." తిప్పితే తెల్లవాళ్ళ గుంపు పేరు. డయాన్ రెండో నంబరు ఎంచింది, అదీ ఆ కుర్రాళ్ళదే అంది. తిప్పితే తన కొడుకు వారాల తరబడి తిరిగివ్వకుండా ఉంచుకున్న టేపు. డయాన్ మొహం కందిపోయింది.

"కానీ వాళ్ళు నిజంగా అనరుగా. వేషం అది, స్టేజి మీద వేషం" అంది.

"వీళ్ళు నిజంగానే అంటారని ఎలా తెలిసింది? ఊరికే అడుగుతున్నా" అంది ఆవిడ.

అసలు గొడవకి కారణమైన టేపు తొమ్మిదో నంబరు. దాన్ని ఎంచింది ఒక్కరే. "అదీ చెడ్డదే" అని ఆవిడే చెప్పింది. "నాకు చాలా అసహ్యం. ఆ అట్టమీద పిల్ల మా చెల్లెలి కూతురిలా ఉంటుంది. మీ కాగితంలో మీ పిల్లల గురించి ఉంది, ఆ పిల్ల గురించి ఒక్క ముక్కా లేదు. ఆడపిల్ల కోసమే అయితే పదీ తీసెయ్యండి, నేనే మోసి బయట పడేస్తాను. కాకపోతే పదీ ఉంచండి."

అప్పుడు నా వంతు వచ్చింది. నేను ఏడో నంబరు ఎంచాను. ఏయ్ పిల్లా, చెరుకు చేలో ఒంటరిగా దొరికావు, నీ 'నో' నా చెవిలో 'యెస్', ఒక్కటి చరిచానంటే ఎంత స్వీటో తెలిసిపోద్ది. అలా ఉంది.

మీరు గుర్తుపట్టేశారు. నేను పట్టలేదు. నా వంకర ఇంగ్లీషుని ఆవిడ చక్కగా సాపు చేసింది. రాగం లేదు, వాన లేదు. పైగా నా తెలివి ఎలా పనిచేసిందో వినండి. ఈ దేశంలో చెరుకు ఎక్కడుంది? దక్షిణాన, వాళ్ళ తాతలు కొట్టిన తోటల్లో. కాబట్టి వాళ్ళదే.

"అన్నిట్లోకీ ఇది నీచం. పిల్ల వద్దంటుంటే కొట్టి చూస్తానంటున్నాడు. ఇది కచ్చితంగా వాళ్ళదే" అన్నాను. బల్ల మీద వేలు కూడా కొట్టాను.

ఆవిడ కళ్ళజోడు తీసింది. ఏడో నంబరు కంటికి దగ్గరగా పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా పైకి చదివింది. రెండో చరణంలో, ఎక్కడైతే నా నవ్వు ఆగిపోయిందో అక్కడ, నాకు అర్థమైంది.

కాగితం తిప్పింది. వెనక ఖాళీ.

"దీని పేరు నా దగ్గర లేదు. ఇక్కడ ఎవరికైనా తెలుసా?"

నా వైపు చూడలేదు. ఎవరివైపూ చూడలేదు. కళ్ళజోడు చేతిలోనే ఉంది, వినడానికి సిద్ధంగా. ఎంతసేపు ఆగిందో! డయాన్ నా పక్కనే కూర్చుని ఉంది, తన చెయ్యి నా కుర్చీ మీద ఉంది. నేను నోరు తెరవలేదు.

ముసలాయనే అందుకున్నాడు. "పేరు తెలియకపోతే ఏం, ఈవిడ చెప్పినట్టు ఆ కోవదే అయ్యుండాలి. అసలు ఇందులో రంగు సంగతి ఏముంది? ఈవిడ మన తెల్లవాళ్ళలో మనిషి కాదుగా, ఈవిడే అంటోంది" అన్నాడు నా వైపు చూపిస్తూ. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అదే తీర్మానమైంది. తొమ్మిదో నంబరు టేపు తీసెయ్యాలి. మిగతావి పిల్లలకి కాకుండా తల్లిదండ్రుల చేతికిస్తే చాలు.

నేను బేస్‌మెంట్‌లోకి దిగేసరికి ఆవిడ ఆ టేపు పేరున్న కేటలాగు కార్డు చించుతోంది. "నా సంతకం కొట్టేస్తాను" అన్నాను.

"ఎందుకు? ఆ టేపు నీకు నచ్చలేదు, నాకూ నచ్చలేదు. కొట్టెయ్యకు. కింద ఇంకా చోటుంది, మిగతావి కూడా రాయి."

ఆవిడే మళ్ళీ అంది: "మా అమ్మమ్మ లూసియానాలో చెరుకు కొట్టేది. తోటలో ఒంటరిగా దొరికిన ఆడవాళ్ళకి అక్కడ ఎవరూ పాట పాడలేదు." కోపంగా అనలేదు. బయట వాన పడుతోంది అన్నట్టు అంది. పైపు కింద తల వంచి వెళ్ళిపోయింది.

నేను ఏమీ రాయలేదు. రెండు వారాల్లో ఫంక్షన్. ప్రియకి పరికిణీ కుట్టించేశాం, పేరు ఇచ్చేశాం, ఇప్పుడు వద్దంటే ఏం చెప్పను? ఏమీ చెప్పలేక ఊరుకున్నాను. ఆరోజు అంకుల్స్ అందరూ ఈలలు వేశారు, ఆంటీలు "వన్స్ మోర్" అన్నారు. నా బంగారం రెండోసారి కూడా చేసింది. నేను ముందు వరసలో కూర్చుని నా చెప్పులు చూసుకున్నాను. నాకు ఆ పాట తెలుగులో వినబడలేదు, ఆవిడ గొంతులో వినబడింది.

సోమవారం ఆవిడ అడిగింది, పిల్ల బాగా చేసిందా అని. "జ్వరం వచ్చింది, చెయ్యలేదు" అన్నాను. నోటికి అదే వచ్చింది. మూడింటికి ప్రియ స్కూలు నుంచి వచ్చింది, ప్రైజు కప్పు పట్టుకుని! "లుక్, ఐ వన్!" ఆవిడ కప్పు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. జ్వరం మాట ఎత్తలేదు.

"పాటలో ఏముందో నీకు తెలుసా బేబీ?"

"నో. ఇట్స్ జస్ట్ తెలుగు."

"ఎప్పుడైనా మీ అమ్మని అడుగు" అంది.

ప్రియ అప్పుడు అడగలేదు. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రెండేళ్ళు ఇంకా కలిసి పనిచేశాం, నారింజపండ్లు తిన్నాం, ప్రతి శుక్రవారం నా గుండ్రాల మీద పెన్సిలు ఆడించి సంతకం పెట్టింది. నాకు మాత్రం ఒకటే ప్రశ్న. నన్ను పట్టుకోవడానికే ఆ కాగితం ఆ పదింటిలో పెట్టిందా? మరైతే వెనక పేరు ఎందుకు రాయలేదు? నన్ను కాపాడటానికే ఖాళీగా వదిలిందా? మరైతే తెలుసా అని ఎందుకు అడిగింది? ఎన్నోసార్లు అడగబోయాను. ఊరికే అడుగుతున్నానని ఒక్క మాట తగిలిస్తే సరిపోయేది, ఆవిడలాగ. నా వల్ల కాలేదు.

శనివారం ప్రియని తీసుకుని సర్వీసుకి వెళ్ళాను. నది అవతల చర్చి. పెద్ద పెద్ద టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు. ఒక్కొక్కరే లేచి మాట్లాడుతున్నారు. మా తెలుగు ఆరాధనలో కూడా సాక్ష్యం చెప్పమని పిలుస్తారు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ లేవలేదు, మా ఆయన ఏడిపిస్తుంటాడు కూడా. ఆరోజు నా కాళ్ళు వాటంతటవే లేచాయి. లేచాక మాట రాలేదు.

"టేక్ యువర్ టైమ్, బేబీ" అంది వెనక నుంచి ఎవరో పెద్దావిడ.

"ఆవిడ ఒక మీటింగ్‌లో ఒక పాట చదివి, ఇది ఎవరిదో తెలుసా అని అడిగింది" అన్నాను. "అది చాలా నీచమైన పాట. అది మీవాళ్ళదని నేను చెప్పాను. నా మాట పట్టుకుని మీవాళ్ళ టేపు ఒక్కటే తీసేశారు. ఆ పాట మాది. నా కూతురు డాన్స్ చేసిన పాట. నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు. ఏడో నంబరు నాది." ఇంకేదో చెప్పాలనుకున్నాను, అంతలో ఏడుపు వచ్చేసింది.

ఏ మీటింగో, ఏ పాటో, వాళ్ళకేం తెలుసు? అయినా అదే గొంతు "ఆమెన్" అంది. తర్వాత ఇంకో ఇద్దరు.

కారు వంతెన దాటాక ప్రియ అడిగింది.

"అమ్మా, ఆ సాంగ్‌లో ఏం ఉంది?"

చెప్పాను. ఒక్కో లైనూ, నవ్వకుండా, చివరిదాకా.

"ఆ గర్ల్ ఏం అంటుంది?"

"ఏమీ అనదు."

పదకొండేళ్ళ పిల్ల. తనలో తను పెదవులు కదుపుతూ ఆ లైన్లు మళ్ళీ అనుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "బట్ దట్ వజ్ మీ" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నాకు ఎందుకు చెప్పలేదు? నీకు తెలీదా అప్పుడు?"

తెలీదు అనడం ఎంత సులువో!

"తెలుసు" అన్నాను. "తెలుసు కాబట్టే చెప్పలేదు."